సైదులు అనని మాట

2001 నుంచి 2014 దాకా ఒక దినపత్రిక విలేకరిగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య తిరిగాను. ఈ మూడు ఊళ్లలో ఏ టీ కొట్టులో కూర్చుంటే ఏ వార్త ముందు తెలుస్తుందో నాకు తెలుసు. ఏ ఆఫీసులో ఎవరు నిజం చెబుతారో, ఎవరు చెప్పరో కూడా తెలుసు. ఈ మధ్య కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు ఇంటికి వచ్చి "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటున్నారు. వాళ్లు ఎదురుచూసేది ఎన్నికల ముచ్చట్లు, ఫ్యాక్స్ కాలంనాటి తంటాలు. అవి ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒక చిన్న వార్త గురించి. ఫోటోతో కలిపినా అరచేతి వెడల్పు దాటని వార్త. నా చేత్తో జరిగిన తప్పుల్లో అదే పెద్దది. విలేకరి పని ఏమిటో నాకు నేర్పింది కూడా అదే.

ఇందులోని మనుషుల పేర్లు మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

చివర ఒక మాట

నాకు పని నేర్పినవారు జిల్లా డెస్క్ ఇన్‌చార్జి భాస్కర్ గారు. కోపం ఎక్కువ. కానీ వార్త చదివి ఎక్కడ నీళ్లు కలిపామో చెప్పగలిగిన మనిషి. చేరిన మొదటి నెలలోనే ఫోన్ చేసి తిట్టారు.

"వార్త చివర మనిషి మాట ఒకటి పెట్టవయ్యా. మనిషి మాట లేకపోతే అది సర్కారు ప్రకటనలా ఉంటుంది."

ఆ సలహాలో తప్పు లేదు. నేను దాన్ని అలవాటు చేసుకున్న తీరులోనే ఉంది తప్పు. మన పల్లెల్లో మనుషులు పేపరు వాళ్ల ముందు ఎక్కువ మాట్లాడరు. మనం ఏదో అడుగుతాం, వాళ్లు తల ఊపుతారు. ఆ తల ఊపడాన్ని వాక్యంగా మార్చి కొటేషన్లో పెట్టడం నేర్చుకున్నాను. పంట మునిగిన ప్రతి రైతు చేతా "ప్రభుత్వమే మమ్మల్ని ఆదుకోవాలి" అనిపించాను. ఏ రైతూ వచ్చి నేను అట్లా అనలేదని చెప్పలేదు. దాంతో నాకు ధైర్యం వచ్చింది. పదేళ్లు గడిచేసరికి, ఎదుటి మనిషి నోరు తెరవకముందే ఆయన ఏమంటాడో నా దగ్గర సిద్ధంగా ఉండేది.

ఫోటో కోసం పట్టుకున్న కార్డు

సైదులుది కోదాడ పక్కన చిలుకూరు దగ్గర ఒక పల్లె. మా వైపు వాడకొక సైదులు ఉంటాడు. ఈయన గొర్ల సైదులు. నలభై దాటిన మనిషి. తాతల నాటి నుంచి గొర్రెల పెంపకమే. అరవై గొర్రెలు, నాలుగు మేకలు ఉండేవి. కొన్ని నెలలు గొంతు బొంగురు పోయి తగ్గకపోతే హైదరాబాద్ తీసుకెళ్లారు. గొంతు క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద ఒక రంధ్రం పెట్టారు. ఇక ఊపిరి పీల్చడమూ వదలడమూ దాంట్లోంచే. ఆ తర్వాత మా వైపు జనం ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్ కూడా అయింది. మళ్లీ పరీక్షలు చేసి, జబ్బు ఆనవాళ్లు లేవని ఇంటికి పంపారు.

ఆ మాట నాకు కోదాడలో ఎవరో చెప్పారు. మంచి వార్త అనుకుని బండి తీశాను. నేను వెళ్లేసరికి సైదులు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మెడకు తడి తువ్వాలు చుట్టుకున్నాడు. భార్య ఎల్లమ్మ కలుపు కూలికి పోయింది. అన్న లింగయ్య మందను తోలుకుపోతున్నాడు. ఆయన్ని ఆపి, గొర్రెల మధ్య సైదులును నిలబెట్టి ఫోటో తీశాను. చేతులు ఖాళీగా ఉంటే బాగుండదని ఆసుపత్రి కార్డు పట్టుకోమన్నాను.

"ఇప్పుడు బాగున్నవా?" అన్నాను. తల ఊపాడు.

"భయపడలేదు కదా?" అన్నాను. దానికీ తల ఊపాడు. భయపడలేదనా, భయపడ్డాననా? అడగలేదు.

అరగంట కూడా ఉండలేదు. మరుసటి రోజు వార్త వచ్చింది. ‘క్యాన్సర్‌ను జయించిన గొర్రెల కాపరి’ అని హెడ్డింగ్. చివర్లో ఇట్లా రాశాను: "‘మనోధైర్యం ఉంటే ఏ జబ్బయినా పారిపోతుంది. మునుపటిలాగే నా గొర్రెలను నేనే కాసుకుంటున్నాను’ అని సైదులు చెప్పారు."

స్వరపేటిక తీసేశారని రెండో పేరాలో నేనే రాశాను. ఐదో పేరాలో ఆయన చేత మాట్లాడించాను. డెస్క్‌లో నలుగురు చదివారు, ఎవరికీ అనుమానం రాలేదు. భాస్కర్ గారైతే ఫోన్ చేసి "ముగింపు బాగుంది" అన్నారు.

బస్టాండ్లో ఎల్లమ్మ

రెండు నెలల తర్వాత, నాట్లు అయిపోవస్తున్న రోజుల్లో, కోదాడ బస్టాండ్లో ఉన్నాను. ఫోటోల కవరు నల్లగొండ బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. ఒకామె వచ్చి పక్కన నిలబడింది.

"పేపరాయన నువ్వే గద?"

"నేనే. ఎవరమ్మా?"

"గొర్ల సైదులు పెండ్లాన్ని. ఎల్లమ్మను. మా ఆయన ఫోటో ఏసినవ్ గద."

కృతజ్ఞత చెప్పడానికి వచ్చిందనుకుని నవ్వాను.

"మా ఆయన నీతోని ఎప్పుడు మాట్లాడిండు సారూ?"

నేను డ్రైవరు వైపు తిరిగి కవరు చాపాను.

"ఆపరేషన్ అయిన కాన్నుంచి నాతోని ఒక్క మాట మాట్లాడలే. బిడ్డతోని మాట్లాడలే. నీతోని మాత్రం గంత పొడుగు ముచ్చట పెట్టిండా? ఏడ దాసుకున్నడు ఆ గొంతు? జర నాక్కూడ సూపియ్."

టీ కొట్టు ముందున్న ఇద్దరు నవ్వారు. డ్రైవరు కవరు తీసుకుని మెల్లగా బస్సెక్కాడు. నేను ఆమెను బెంచీ మీద కూర్చోమని టీ చెప్పాను. ఆమె కూర్చోలేదు, టీ ముట్టలేదు. నిలబడే చెప్పింది.

సైదులు హైదరాబాద్ వెళ్లినప్పటి నుంచి మందను లింగయ్యే చూసుకుంటున్నాడు. పేపర్లో వార్త వచ్చిన మూడో రోజు ఆయన కర్ర తెచ్చి తమ్ముడి గోడకు ఆనించి, తన వ్యవసాయం పనికి పోయాడు. తర్వాత నేను కలిసినప్పుడు ఆయన దాచకుండా చెప్పాడు. "పేపర్ల రాసిండ్రు గద సారూ, మునుపటి లెక్కనే కాసుకుంటున్నడని. బాగయినోని మంద నేనెందుకు పట్టుకోవాలె అనుకున్న. ఆయన అన్నట్టే రాస్తిరి మీరు. సైగల జెప్పిండేమో అనుకున్న."

సైదులు కాదనలేకపోయాడు. కాదనడానికి గొంతు లేదు. కర్ర తీసుకుని కాలువ వైపు మందను తోలాడు. కాపరి మందను నడిపేది గొంతుతో. నాలుక తిప్పి, కడుపులోంచి లాగి వేసే ఒక కేక ఉంటుంది. ఆ కేక మూడు మళ్ల అవతలున్న గొర్రెను కూడా వెనక్కి తిప్పుతుంది. సైదులు నోరు తెరిస్తే గాలి మెడలోంచి పోయింది. ఈల వేద్దామన్నా అంతే. మంద పోయి ఒక రైతు నారుమడిలో పడింది. మలుపుదామని పరిగెత్తితే దుమ్ము మెడలోకి పోయి దగ్గు. దగ్గుకు మనిషి వంగిపోయాడు.

రైతు కట్టె పట్టుకుని వచ్చాడు. "అడుగుతుంటే పలుకవేందిరా? నోరు పడిపోయిందా?" అన్నాడు.

సైదులు మెడ మీది తువ్వాలు తీసి చూపించాడు. రైతు రెండడుగులు వెనక్కి వేసి, చేతిలో కట్టె కింద పారేసి వెళ్లిపోయాడు. తిట్టినా, కొట్టినా సైదులు తట్టుకునేవాడని ఎల్లమ్మ అంది. ఆ మనిషి భయపడి వెనక్కి పోవడం తట్టుకోలేకపోయాడు. ఇంటికి వచ్చి మంచం ఎక్కాడు. మంద మళ్లీ లింగయ్య చేతికి పోయింది.

"మా బావ ఇగ నా వల్ల గాదంటున్నడు. ఆయనకు ఆయన పొలం ఉన్నది, తప్పు గూడ ఆయనది గాదు. దసరా దాటితే గొర్లను సంతకు తోల్తనంటున్నడు. మంద పోతే మా ఆయన మంచం మీదికెల్లి లేవడు సారూ. జబ్బుతోని పోలే. దీంతోని పోతడు."

ఆ తర్వాత ఆమె తన బస్సు కోసం వెళ్లిపోయింది. టీ నేనే తాగాను. ఏ రుచీ తెలియలేదు.

వార్త ఎట్లయితుంది?

ఆ సాయంత్రం భాస్కర్ గారికి ఫోన్ చేసి, ఆ కొటేషన్ నా కల్పన అని చెప్పాను. సవరణ వేయాలన్నాను.

"ఎవరైనా కేసు వేశారా?"

"లేదు సార్."

"మరి?"

"ఆయన ఇంకా కోలుకోలేదు సార్. కనీసం కోలుకోవడం ఎంత కష్టమో ఇంకో వార్త రాస్తాను."

"చూడు. మనిషి పోతే వార్త. బతికి బయటపడితే వార్త. బతుకుతూ ఉంటే వార్త ఎట్లా అవుతుందయ్యా?"

ఆయన్ని నేను తప్పు పట్టను. పేపరు అట్లాగే నడుస్తుంది. కానీ ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఒకటి తెలుసుకోవాలి. చికిత్స ఆసుపత్రిలో అయిపోతుంది, దానికొక తేదీ ఉంటుంది. కోలుకోవడం ఆ తేదీ తర్వాత ఇంట్లో మొదలవుతుంది. మనం మొదటిది చూసి ‘జయించాడు’ అని రాసేసి వస్తాం. ఇంట్లోవాళ్లు కూడా దాన్నే నమ్ముతారు. అప్పటిదాకా సాయం వచ్చిన చేతులన్నీ ఒక్కసారిగా వెనక్కి పోతాయి. ‘జయించిన’ అనే మాట ఆ తర్వాత నేను ఏ హెడ్డింగులోనూ రాయలేదు.

మరునాడు సైదులు ఇంటికి పోయాను. పోతూ పోతూ కోదాడలో ఒక పలకా, బలపాల పెట్టె కొన్నాను. మాట రాకపోతే రాసి చూపిస్తాడని నా తెలివి. ఎల్లమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నువ్వు సదువుకున్నోనివి సారూ. ఈయన బడికి ఎప్పుడు పోయిండు? గొర్ల కాడికే పోయిండు."

మంచం మీద సైదులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను ఆసుపత్రి కార్డు అడిగి తీసుకుని అక్కడే కూర్చుని చదివాను. మొదటిసారి అదే కార్డు పట్టించి ఫోటో తీశాను కానీ చదవలేదు. ఆఫీసుల్లో ఎంత లావు ఫైలైనా తిరగేసి అందులో తప్పు పట్టేవాణ్ని. ఈ కార్డు మాత్రం నాకు ఫోటోకు పనికొచ్చే వస్తువుగానే కనిపించింది. అందులో అన్నీ ఉన్నాయి. రెండు నెలలకోసారి పరీక్షకు రావాలి. మెడకు, భుజానికి రోజూ వ్యాయామం చేయాలి, లేకపోతే చెయ్యి పైకి లేవదు. కాలువలో, బావిలో దిగకూడదు. అన్నిటికన్నా కింద, మాట నేర్చుకునే తరగతికి రావాలని తేదీ వేసి ఉంది. ఆ తేదీ ఎప్పుడో దాటిపోయింది.

"మాట నేర్పుతరా? గొంతు తీసేసినంక మాటెట్లొస్తది?" అంది ఎల్లమ్మ.

ఎట్లా వస్తుందో నాకూ తెలియదు. కానీ అట్లా మాట్లాడే మనిషి ఒకాయన నాకు తెలుసు.

రంగయ్య అడిగిన ప్రశ్న

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు దగ్గర రంగయ్య కాటా గుమాస్తా. ఒకసారి హమాలీల సమ్మె వార్తకు పోయినప్పుడు పరిచయం. ధాన్యం లారీలు రోడ్డు దాకా వరుసగా నిలబడే చోటు అది. మిల్లు చప్పుడుకు అక్కడ అందరూ అరుస్తారు. రంగయ్య మాత్రం అరవడు. కాటా గది కిటికీకి వేలాడదీసిన ఇనుప ముక్కను ఒకసారి కొడతాడు. ఠంగ్ మనగానే తర్వాతి లారీ కాటా ఎక్కుతుంది. ఆయనకూ కొన్నేళ్ల కిందట ఇదే ఆపరేషన్ అయింది. గాలి కొంచెం మింగి, తేన్పులాగా పైకి తెచ్చి, ఆ శబ్దాన్నే నాలుకతో, పెదవులతో మాటగా మలుస్తాడు. మాట ముక్కలుగా వస్తుంది, కప్ప అరిచినట్టు ఉంటుంది. కానీ స్పష్టంగా అర్థమవుతుంది.

సంగతి చెప్పగానే ఒక ఆదివారం హుజూర్‌నగర్ మీదుగా బస్సెక్కి వచ్చాడు. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ‘బాగున్నావా’ అని అడగలేదు, ధైర్యమూ చెప్పలేదు. తన మెడ మీది గుడ్డ తీసి రంధ్రం చూపించాడు.

"నీదేనా పెద్దది... నాదా?"

సైదులు తల తిప్పి చూశాడు.

"తమ్మీ... వాసన... తెలుస్తున్నదా?"

సైదులు లేచి కూర్చున్నాడు. రంగయ్య మొహంలోకి కాసేపు చూసి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. కళ్ల నుంచి నీళ్లు కారాయి. భుజాలు కదులుతున్నాయి గానీ ఏడుపు చప్పుడు లేదు.

మనం వాసన చూసేది ముక్కుతో గాలి పీల్చినప్పుడు. ఊపిరి మెడలోంచి తీసేవాళ్లకు ముక్కులోకి గాలి పోదు. సైదులుకు గొర్రె పిల్లను దగ్గరికి తీసుకుని వాసన చూస్తే జబ్బు తెలిసేదట. ఇంటికి వచ్చాక ఒక్క వాసనా రాకపోయేసరికి మెదడు కూడా పాడైందని, జబ్బు తలకెక్కిందని అనుకున్నాడు. ఎవరికీ చెప్పే దారి లేక ఇన్ని నెలలు ఆ భయం ఒక్కడే మోశాడు. ఇదంతా రంగయ్య ఒక్కొక్కటే అడుగుతుంటే, సైదులు అవునన్నట్టో కాదన్నట్టో తల ఊపుతుంటే, మాకు తెలిసింది.

"నేను గూడ... మొదటి ఏడాది... కాటా గదిల తలుపేసుకొని... ఏడ్శేటోన్ని. ఏడుపుకు గూడ... సప్పుడు రాదాయె. అందుకు ఇంకింత... కోపం." ఆగి గాలి మింగి, నావైపు చూశాడు. "ఇప్పుడు సూడు. గొంతున్నప్పుడు... ఒక్క డ్రైవర్... నా మాట ఇనకపోయేది. పోయినంక... అందరు ఇంటున్రు."

సైదులు నోరు తెరిచాడు. చప్పుడు లేదు. అది నవ్వని ఎల్లమ్మే మొదట గుర్తుపట్టింది. "ఓయమ్మో, నవ్విండు!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను పదేళ్లలో చేసిన ఇంటర్వ్యూలన్నీ ఆ పది నిమిషాల ముందు తేలిపోయాయి. ప్రశ్న అంటే మనకు కావలసిన జవాబును ఎదుటివాడి నోట్లో పెట్టడం అనుకున్నాను ఇన్నాళ్లు. ఆయన అడిగింది ఎదుటివాడి లోపల ఉన్నదాన్ని.

ఇనుప చక్రం

లింగయ్యను కూర్చోబెట్టి మాట్లాడాం. ఆయన మొండివాడు కాదు, అలసిపోయిన మనిషి. ఒక షరతు పెట్టాడు.

"పెసర కోసిన చేలల్ల ఎరువుకు మంద పెట్టమని రోడ్డవతలి రైతులు అడుగుతున్నరు. దసరా ముంగట ఆ రోడ్డు దాటించి సూపియ్యమను. దాటిస్తే మంద ఆయనదే. గొర్లు లారీల కింద పడితే ఎవలు జవాబు? దాటియ్యకపోతే సంతే."

రోడ్డంటే హైదరాబాద్–విజయవాడ రహదారి. అప్పుడే దాన్ని నాలుగు వరుసలకు వెడల్పు చేస్తున్నారు. గొంతున్న కాపరులే అక్కడ మంద దాటించడానికి భయపడేవారు.

రెండు నెలల టైము ఉంది. ఎల్లమ్మ భర్తను హైదరాబాద్ తరగతికి తీసుకుపోవడం మొదలుపెట్టింది. పరీక్ష కూడా ఉన్నప్పుడైతే, వెళ్లే ముందు రెండు మూడు రోజులు ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినేవాళ్లు కాదు. పరీక్షలో మళ్లీ ఏదన్నా కనిపిస్తుందేమోనని. ఏమీ లేదని తెలిశాక, తిరుగు బస్సులోనే ఇద్దరూ ఒకళ్ల మీద ఒకళ్లు వాలి నిద్రపోయేవారట. రోజూ పొద్దున గోడ దగ్గర నిలబడి, వేళ్లతో గోడ మీద పాకించుకుంటూ చెయ్యి పైకెత్తే వ్యాయామం. గోడ మీద బొగ్గుతో ఎల్లమ్మ గీత గీసేది. వారానికో గీత పైకి పోయింది. ఒక్కోరోజు దిగింది కూడా. అట్లా దిగిన రోజు సైదులు కంచం తోసేసేవాడు. "తొయ్, తొయ్. రేపు ఇదే కంచం కడిగి పెడత, ఏడికి పోతవ్?" అనేది ఎల్లమ్మ.

రంగయ్య రెండోసారి వచ్చినప్పుడు సంచిలోంచి మిల్లులో అరిగిపోయిన ఒక బేరింగు చక్రం తీశాడు. దాన్ని సైదులు కర్ర పైభాగాన తాడుతో వేలాడగట్టి, ఇంకో ఇనుప ముక్కతో కొట్టాడు. ఠంగ్ మంది. మందలో ఏ గొర్రె మెడ గంటకూ లేని చప్పుడు.

"గొర్లకు నువ్వు... తెలుగు నేర్పినవా తమ్మీ? అవి ఇనేది... సప్పుడు. సప్పుడు మార్శి... మళ్ల నేర్పియ్."

అక్కడి నుంచి దారి సైదులే కనిపెట్టాడు. మంద ముందు నడిచేది ఒక బొల్లిమేక. గొర్రెలు మనిషి వెంట కాదు, దాని వెంట పోతాయి. మేకలకు తుమ్మకాయలంటే ప్రాణం. సైదులు తుమ్మకాయలు పోసి, చక్రం కొట్టి, మేకను వదలమని భార్యకు సైగ చేసేవాడు. మొదటి వారం మేక చప్పుడుకు బెదిరి పారిపోయింది. రెండో వారం వచ్చింది. తర్వాత తుమ్మకాయలు లేకపోయినా చప్పుడుకు వచ్చింది. ఆ పైన మందతో కలిపి నేర్పాడు. ఒక్క దెబ్బకు ఆగాలి. మూడు దెబ్బలకు కదలాలి. దగ్గరున్న గొర్రె పిల్లలకు నాలుకతో ‘ట్చ్ ట్చ్’. దానికి గొంతు అక్కర్లేదు.

నేను వారానికోసారి పోయేవాణ్ని. నోట్‌బుక్కు మాత్రం తీసేవాణ్ని కాదు. గడ్డి మోసేవాణ్ని, మేకను పట్టుకునేవాణ్ని. మేక కూడా నన్ను పెద్దగా లెక్కచేయలేదు.

రోడ్డు

దసరాకు నాలుగు రోజుల ముందు, పొద్దున, మందతో రోడ్డు దాకా వచ్చాం. సైదులు, ఎల్లమ్మ, లింగయ్య, నేను. రంగయ్యకు మిల్లులో పని పడి రాలేదు. లారీలు, బస్సులు ఆగకుండా పోతున్నాయి. రోడ్డు మధ్యలో కొత్తగా పోసిన మట్టికట్ట.

సందు దొరికేదాకా సైదులు ఆగాడు. మూడు దెబ్బలు కొట్టాడు. బొల్లిమేక కదిలింది, వెనకే మంద. సగం రోడ్డు దాటి మట్టికట్ట ఎక్కేసరికి అవతలి వైపు నుంచి ఒక లారీ హారన్ కొట్టుకుంటూ వచ్చింది. మంద ఉలిక్కిపడింది. సైదులు ఒక్క దెబ్బ కొట్టాడు. మేక ఆగింది. వెనకవి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. లింగయ్య ఆగలేక, కేక వేయడానికి నోరు తెరిచాడు.

"నోరు మూస్కో బావా!" అంది ఎల్లమ్మ.

మామూలుగా ఆమె బావ ముందు తలెత్తి మాట్లాడదు. లింగయ్య నిజంగానే నోరు మూసుకున్నాడు.

లారీ పోయింది. దుమ్ము లేచింది. సైదులు తువ్వాలు మెడకు అదుముకుని, వంగి దగ్గుతున్నాడు. కర్ర వదలలేదు. మంద కట్ట మీదే నిలబడి ఉంది. ఇటు వెనక్కి వస్తే ఇటువైపు లారీలు. దగ్గు తగ్గింది. ఆయన నిటారుగా నిలబడి, చెయ్యి ఎత్తాడు. రెండు నెలల కిందట భుజం దాటని చెయ్యి తల పైకి పోయింది. మూడు దెబ్బలు.

మేక దిగింది. గొర్రెలు దిగాయి. చివరగా ఒక పిల్ల కట్ట మీద ఉండిపోయి అరుస్తుంటే, సైదులు వెనక్కి వచ్చి పక్కన వంగి ‘ట్చ్ ట్చ్’ అన్నాడు. అది ఆయన కాళ్ల వెంట పరిగెత్తింది.

అవతల పెసర చేలో లింగయ్య మందను లెక్కపెట్టాడు. రెండోసారి కూడా లెక్కపెట్టి, తమ్ముడి దగ్గరికి వచ్చాడు. "అన్ని ఉన్నయ్ రా" అన్నాడు. ఆ తర్వాత తువ్వాలుతో మొహం తుడుచుకుని తన పొలం వైపు నడిచాడు.

నేను అప్పుడు నోట్‌బుక్కు తీశాను. "సైదులూ, ఈసారి నువ్వు చెబితేనే రాస్తా. చెప్పకపోతే ఏమీ రాయను."

ఆయన నావైపు చూశాడు. గాలి మింగాడు. రాలేదు. మళ్లీ మింగాడు. మెడ నరాలు లేచాయి. ఎల్లమ్మ కదలకుండా నిలబడింది.

"గొర్లు..." అన్నాడు. ఆగాడు. మళ్లీ గాలి మింగాడు. "ఇంటున్నయ్."

అన్నాడు

ఆ వార్త రాయడానికి నాకు ఒక రోజు పట్టింది. మొదటి వార్తలో నేను రాసిన మాట ఆయన అనలేదని రెండో పేరాలోనే ఒప్పుకున్నాను. వాసన గురించి, గోడ మీది గీతల గురించి, తోసేసిన కంచం గురించి, తరగతి తేదీ దాటిపోయిన కార్డు గురించి రాశాను. ఇంకా రెండు నెలలకోసారి పరీక్షకు పోవాల్సి ఉందని కూడా రాశాను. చివర్లో సైదులు మాట పెట్టాను. భాస్కర్ గారు ఫోన్ చేశారు.

"చివర్లో ‘గొర్రెలు వింటున్నాయి’ అని మార్చనా? ఇంకో వాక్యం కూడా ఉంటే బాగుంటుంది, ధైర్యం గురించి."

"ఆయన అన్నది రెండు మాటలే సార్. ఆ రెంటికి రెండు నెలలు పట్టింది."

అవతల నుంచి కాగితం చప్పుడు వినిపించింది. "సరే. ఉండనియ్" అన్నారు. ఒక్క అక్షరం మార్చకుండా వేశారు.

‘అన్నాడు’ అనే మాటను నేను అప్పటికి వేలసార్లు రాసి ఉంటాను. అందులో ఎన్ని నిజమో లెక్క తేల్చలేను. ఆ రోజు రాసింది మాత్రం నిజం.

పేపరు వచ్చిన రోజు వాళ్ల పల్లెకు పోయాను. సైదులు మందతో పోయాడు. ఎల్లమ్మ బిడ్డ చేత వార్త చదివించుకుంటోంది. చివరి దాకా విని, మళ్లీ చదవమంది. తర్వాత పేపరు మడిచి, ఆసుపత్రి కార్డు ఉన్న సంచిలో పెట్టింది.

"ఇది మా ఆయన మాటే సారూ" అంది. "కూసో. ఛాయ్ పెడత."